తెల్లగా ఉంటే ఏ రంగైనా నప్పుతుందా?

పట్టుచీరల షాపులో సేల్స్‌మన్ నోట తరచు వినిపించే మాట ఒకటుంది: "మేడం తెల్లగా ఉన్నారు కదండీ, ఏ రంగైనా నప్పేస్తుంది." మామూలుగా ఆ మాట అనేటప్పుడు ఎదురుగా ఉండేది మన లెక్కలో తెల్లని మనిషి, అంటే పసిమి ఛాయ మనిషి. అక్కడ ఆ మాట చాలావరకు చెల్లిపోతుంది. అమెరికా నుంచో ఐర్లండ్ నుంచో వచ్చిన కాబోయే కోడల్ని వెంటబెట్టుకుని వచ్చిన కుటుంబం దగ్గర మాత్రం చెల్లదు. రాణి పింక్ చీర భుజం మీద వేయగానే ఆ అమ్మాయి మొహంలో ఉన్న కాస్త గులాబి కూడా ఎటో పోతుంది. లేత గంధం రంగు వేస్తే మెడ ఎక్కడ అయిపోయిందో చీర ఎక్కడ మొదలైందో తెలియదు. మిఠాయి రంగు వేస్తే వారం రోజులు జ్వరం పడి లేచినట్టు ఉంటుంది. పరుపు మీద చీరలు గుట్ట పడిపోతాయి. కాబోయే అత్తగారు "అన్నీ బానే ఉన్నాయి గానీ..." అని ఆగిపోతారు.

ఆ 'గానీ' ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడ చెప్పలేరు. సేల్స్‌మన్ కూడా చెప్పలేడు.

తెలుపంటే మనకున్న మోజు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పెళ్లి ప్రకటనల నుంచి క్రీముల యాడ్ల దాకా అన్నీ దాని చుట్టూ తిరిగేవే. తెల్లగా ఉంటే ఏం వేసినా బాగుంటుందన్న నమ్మకం కూడా ఆ మోజులోంచి పుట్టిందే. నిజానికి చామనఛాయ ఒంటి మీద దర్జాగా నిలబడే రంగులు చాలావాటికి బాగా తెల్లని ఒంటి మీద చోటు దొరకదు. చామనఛాయకు తనదంటూ ఒక రంగు ఉంది. పక్కన ఏ గుడ్డ పెట్టినా అది అంత తొందరగా చెదరదు. మరీ తెల్లని చర్మానికి సొంత రంగు తక్కువ. అందుకే పక్కన ఏ రంగుంటే దాని మాట వినేస్తుంది.

ఎర్రగా, పసిమిగా, పాలిపోయి

తెలుగులో ఒక తమాషా ఉంది. తెల్లగా ఉన్న మనిషిని మనం "ఎర్రగా ఉంటాడు" అంటాం. పిల్ల ఎలా ఉందని అడిగితే "ఎర్రగా బుర్రగా ఉంది" అంటారు. ఒకరిది దబ్బపండు ఛాయ, ఇంకొకరిది పసిమి ఛాయ. "తెల్లగా" అనే మాట మాత్రం ఒక్కోసారి మెప్పు కూడా కాదు. "ఏంటమ్మా, మొహం అలా తెల్లగా పాలిపోయింది?" అంటే ఒంట్లో రక్తం లేదనో, దేనికో జడుసుకున్నావనో అర్థం. చర్మం ఎంత లేతగా ఉందన్నది ఒక సంగతి. దాని అడుగునుంచి ఎరుపు తొంగి చూస్తోందా, పసుపు తొంగి చూస్తోందా, రెండూ లేక బూడిదగా ఉందా అన్నది వేరే సంగతి. ఈ తేడా మన నానమ్మలకు బాగా తెలుసు. ఇప్పుడు మేకప్ వాళ్ళు అండర్‌టోన్ అంటున్నది దాన్నే.

చర్మానికి ముదురు రంగు ఇచ్చేది మెలనిన్. అందులో ప్రధానంగా రెండు రకాలు: గోధుమ, నలుపు రంగుల్లో ఉండే యూమెలనిన్, ఎరుపు పసుపు కలిసినట్టుండే ఫియోమెలనిన్. ఎమ్‌సీ1ఆర్ అనే జన్యువులో కొన్ని మార్పులున్నవాళ్ళలో మొదటిది తగ్గి రెండోది ఎక్కువవుతుంది. రాగి రంగు జుట్టు, ముక్కు మీద బుగ్గల మీద గోధుమ రంగు చుక్కలు, ఎండకు తట్టుకోలేని పాలలాంటి చర్మం అలా వస్తాయి. ప్రపంచంలో ఇలాంటివాళ్ళు ఎక్కువగా కనిపించేది స్కాట్లండ్, ఐర్లండ్ దేశాల్లో. మెలనిన్ తెర పలచబడేకొద్దీ కింద పారే రక్తం రంగు పైకి కనిపిస్తుంది. అందుకే మరీ తెల్లని మొహం తెల్లకాగితంలా ఉండదు. చలికి ఒక రంగు, ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఒక రంగు, మే నెలలో హైదరాబాద్ ఫంక్షన్ హాల్లో రెండు గంటలు కూర్చున్నాక ఇంకో రంగు. అంటే బట్టలు ఎంచేది కదలకుండా ఉండే ఒక రంగుకు కాదు, గంటగంటకీ మారే రంగుకు.

అండర్‌టోన్ తెలుసుకోవడానికి మణికట్టు దగ్గర నరాలు చూసుకోమంటారు. నీలంగా ఉంటే కూల్ (అడుగున గులాబి), ఆకుపచ్చగా ఉంటే వార్మ్ (అడుగున పసుపు) అని లెక్క. బాగా తెల్లని చర్మం విషయంలో ఈ టెస్ట్ దాదాపు దండగ. ఎందుకంటే అలాంటివాళ్ళలో చాలామందికి అవి నీలంగానే కనిపిస్తాయి. అసలు ఆ నరంలో ఉన్నది ముదురు ఎరుపు రక్తం. అక్కడి నుంచి వచ్చే వెలుతురులో చుట్టూ ఉన్న చర్మం కంటే ఎరుపు కాస్త తక్కువ, అంతే. ఆ పక్కన ఉన్న గులాబితో పోల్చుకుని కన్ను దాన్ని నీలం చేస్తుంది. టెస్ట్ సంగతి పక్కన పెడితే, అసలు కిటుకంతా ఈ 'పోల్చుకోవడం'లోనే ఉంది. దాన్ని పట్టుకున్నది ఒక రంగుల కార్ఖానా పెద్ద.

నల్లదారం మీద వచ్చిన ఫిర్యాదు

ప్యారిస్‌లో గోబెలిన్స్ అని గోడలకు వేలాడదీసే చిత్రపు తెరలు నేసే కార్ఖానా ఉంది. 1824లో అక్కడి అద్దకం పనికి పెద్దగా మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చాడు. కొవ్వులు, సబ్బుల మీద పరిశోధనతో అప్పటికే పేరున్నవాడు. వచ్చాక ఆయనకు నేతగాళ్ళ నుంచి ఫిర్యాదులు ఎదురయ్యాయి. ముఖ్యమైనది నల్లదారం గురించి: నీలం, ఊదా రంగు బట్టల మడతల్లో నీడలు చూపించడానికి నల్లదారం వాడితే అది నల్లగా లేదు, వెలిసిపోయినట్టు ఉంది అని. షెవ్రోల్ ఆ దారాన్ని బయటి కార్ఖానాల నల్లదారంతో పోల్చి చూశాడు. ఏ లోపమూ దొరకలేదు. చివరికి తేలింది ఏమిటంటే, తప్పు అద్దకంలో లేదు, పక్కనున్న నీలంలో ఉంది. పక్కపక్కన పెట్టిన రెండు రంగుల్లో ఒక్కోటి రెండోదాని మీదికి తనకు ఎదురు రంగును, అంటే రంగుల చక్రంలో సరిగ్గా అవతలి వైపు ఉండే రంగును, తోస్తుంది. నీలానికి ఎదురు రంగు నారింజ. ఆ నారింజ ఛాయ నలుపు మీద పడి, నలుపు పలచబడినట్టు కనిపిస్తోంది.

ఈ సూత్రం మీద ఆయన 1839లో ఒక లావుపాటి పుస్తకం అచ్చువేయించాడు. తెరల నేత, తోటల్లో పూల వరసలు, సైనికుల యూనిఫాంలు, మొహం పక్కన ఏ రంగు బట్ట ఉండాలి, అన్నీ అందులో ఉన్నాయి. (ఆయన 102 ఏళ్ళు బతికి 1889లో పోయాడు. చెప్పినవి ఎంతవరకు నిలబడ్డాయో చూసుకునే తీరిక కూడా దొరికిందన్నమాట.)

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. బూడిద రంగు బ్లౌజ్ పీస్ నుంచి రూపాయి బిళ్లంత ముక్కలు రెండు కత్తిరించి, ఒకటి ఎర్ర గుడ్డ మధ్యలో, ఇంకోటి ఆకుపచ్చ గుడ్డ మధ్యలో పెట్టి కాసేపు చూడండి. ఎరుపు మధ్యలో ఉన్నది ఆకుపచ్చకు, ఆకుపచ్చ మధ్యలో ఉన్నది గులాబికి తిరుగుతాయి. రెండూ ఒకే గుడ్డలోవి. బాగా తెల్లని మొహం ఆ బూడిద ముక్కలాంటిదే. చుట్టూ ఏముంటే దానికి ఎదురు దిక్కుకు జరుగుతుంది.

ఇప్పుడు షాపులోకి మళ్ళీ వస్తే అత్తగారి 'గానీ' అర్థమవుతుంది. రాణి పింక్ చీర ఆ అమ్మాయి మొహం మీదికి ఆకుపచ్చను తోసింది. ఉన్న కాస్త గులాబి ఆ దెబ్బకు చచ్చిపోయింది. గులాబి రంగు మొహానికి గులాబి రంగు బట్ట నప్పుతుందని అందరూ అనుకుంటారు. షెవ్రోల్ సరిగ్గా దాన్నే వద్దన్నాడు: ఎంత నిగనిగలాడే బుగ్గలకైనా గులాబి బట్ట తగిలితే తాజాదనం కొంత పోతుందని. ఊదా రంగు తెల్లని చర్మాన్ని పసుపు కలిసిన ఆకుపచ్చ వైపు తోస్తుంది. పసుపు ఊదా వైపు తోస్తుంది. నీలం నారింజ వైపు తోస్తుంది, ఇది తెల్లని చర్మానికి మేలే. పాలిపోయిన మొహానికి కాస్త వెచ్చదనం వస్తుంది. ఆయన అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది లేత ఆకుపచ్చను. తెల్లగా ఉండి బుగ్గల్లో ఎరుపు చాలనివాళ్ళకు అది కావలసిన గులాబిని ఊరికే ఇస్తుంది. మన మామిడి చిగురు, సీ గ్రీన్, పిస్తా రంగులు ఆ కోవలోవే.

అయితే ఇక్కడే ఒక మెలిక. అదే ఆకుపచ్చ, ఇట్టే మొహం ఎర్రబడే మనిషికి శత్రువు. గులాబి లేనివాళ్ళకు గులాబి ఇచ్చే రంగు, ఎక్కువైనవాళ్ళకు ఇంకా ఎక్కువ ఇస్తుంది. ఎండకు కందిపోయిన మొహం పక్కన చిలకాకుపచ్చ చీర పెడితే టమాటా పక్కన కొత్తిమీర కట్ట పెట్టినట్టే. "మరి ఎర్రదనం దాచడానికి మేకప్ వాళ్ళు ఆకుపచ్చ కన్సీలర్ వాడతారు కదా?" అని అడగొచ్చు. వాడతారు, కానీ అది ఎరుపు మీద పూస్తారు. రెండు రంగులు కలిసిపోయి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బట్ట పక్కన ఉంటుంది, కలవదు, కాబట్టి రెచ్చగొడుతుంది. మీద పడితే మందు, పక్కన పెడితే మంట. ఈ తేడా తెలియకే "ఆకుపచ్చ ఎరుపును తగ్గిస్తుంది" అని బట్టలకు కూడా సలహా ఇచ్చేస్తుంటారు. మొహం తొందరగా ఎర్రబడేవాళ్ళకు ఆకుపచ్చ కావాలంటే నీలం బాగా కలిసిన నెమలికంఠం రంగో, నల్లగా దిగిన బాటిల్ గ్రీనో మేలు. లేకపోతే నేవీ బ్లూ ఉండనే ఉంది.

ఈ సూత్రంతో పాటు దానికి అడ్డం తిరిగే ఇంకో సంగతి కూడా పనిచేస్తుంది. బట్ట మీద పడ్డ వెలుతురు ఎగిరి గడ్డం కింద, దవడల మీద పడుతుంది, తన రంగుతోనే పడుతుంది. చర్మం ఎంత తెల్లగా ఉంటే ఆ చిమ్మిన రంగు అంత స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు బట్టల్లో ఇది పెద్ద లెక్కలోకి రాదు. సాటిన్, ఆర్గాంజా లాంటి మెరిసే బట్టల్లో, నియాన్ రంగుల్లో వస్తుంది. నిమ్మపండు రంగు సాటిన్ కట్టుకుంటే గడ్డం కింద పసుపు పూసినట్టే ఉంటుంది.

నలుపు ఏం చేస్తుంది

రంగు ఏ దిక్కుదన్నది సగం సంగతే. ఎంత ముదురన్నది మిగతా సగం. మెరూన్ కూడా ఎరుపే, రాణి పింక్ కూడా ఎరుపు వైపుదే. కానీ మెరూన్ బాగా ముదురు కాబట్టి దాని పక్కన చర్మం తెల్లబడి వెలుగుతుంది. ఆకుపచ్చ తిరగడం ఆ వెలుగులో పెద్దగా కనబడదు. మన పెళ్లి ఎరుపుల్లో విదేశీ కోడళ్ళకు చటుక్కున కుదిరేవి మెరూన్, దానిమ్మ, ఇటుకరాయి రంగులు కావడానికి కారణం ఇదే.

ముదురు రంగుల్లో చివరిది నలుపు. దాన్ని దగ్గరగా చూడాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఒక నిలువెత్తు బొమ్మ చూడాలి. ప్యారిస్‌లో బ్యాంకర్ భార్యగా పేరుమోసిన వర్జినీ గోత్రో అనే ఆవిడను జాన్ సింగర్ సార్జెంట్ వేసిన చిత్రం అది. 'మదామ్ ఎక్స్' అంటారు. ఆవిడ పుట్టింది అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో. అసలే తెల్లని మనిషి, పైగా పౌడర్ దట్టంగా పూసేది. ఆవిడ ఒళ్ళంతా లేత ఊదా రంగులో, అద్దుడు కాగితంలా ఉందని సార్జెంట్ స్వయంగా ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. అలాంటి మనిషికి ఆయన వేసింది నల్లని గౌను, వెనక గోధుమ రంగు గోడ. నగలు దాదాపు లేవు. 1884లో ప్యారిస్ ప్రదర్శనలో పెడితే పెద్ద గొడవైంది. భుజం మీది పట్టీ ఒకటి జారినట్టు వేశాడని ఒక గోల, ఒంటి రంగు శవంలా ఉందని ఇంకో గోల. పట్టీ తర్వాత సరిదిద్దాడు. ఒంటి రంగు జోలికి పోలేదు. ఆ బొమ్మ మూడు దశాబ్దాలకు పైగా ఆయన దగ్గరే ఉండిపోయి 1916లో మ్యూజియానికి చేరింది.

ఇప్పుడు చూసేవాళ్ళకు గొడవ గుర్తుండదు, చెవి కనిపిస్తుంది. పక్కకు తిరిగిన ఆ మొహంలో చెవి ఒక్కటే ఎర్రగా ఉంటుంది. నలుపు తనకు ఆనుకుని ఉన్న ఛాతీని, భుజాలను సున్నంలా తెల్లబరిచింది. దానికి దూరంగా ఉన్న చెవీ పెదవులూ ఆ తెలుపుతో పోలిస్తే ఇంకా ఎర్రబడ్డాయి. షెవ్రోల్ నలుపు గురించి రాసింది కూడా ఇంచుమించు ఇదే. కాబట్టి బాగా తెల్లనివాళ్ళు నలుపు వేయకూడదన్నది తప్పుమాట. మొహంలో ఎక్కడో ఒకచోట గట్టి రంగు ఉంటే నలుపు దాన్ని ఎత్తి చూపిస్తుంది. ఏమీ లేకపోతే ఆ లేమినే ఎత్తి చూపిస్తుంది. లిప్‌స్టిక్ లేకుండా నల్ల టీషర్ట్ వేసిన రోజు ఆఫీసులో "ఒంట్లో బాలేదా?" అని నలుగురు అడిగారంటే సంగతి అదే. నలుపు అంటే ఇష్టమున్నా భయపడేవాళ్ళకు మెడ కాస్త కిందికి దిగిన కోత మంచిది. నలుపు మొహానికి దూరం జరుగుతుంది.

మెడకు అంటుకుని ఉండే నల్ల కాలర్, అది కూడా బొత్తాలన్నీ పెట్టి, మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా ప్రమాదమే. పళ్లెంలో తల పెట్టినట్టు ఉంటుంది.

ఇక్కడ జుట్టు, కనుబొమల సంగతి రావాలి. ఒకే తెలుపున్న ఇద్దరిలో ఒకరికి నల్లని జుట్టు, నల్లని కనుబొమలు ఉన్నాయనుకుందాం. ఇంకొకరిది ఎండుగడ్డి రంగు జుట్టు, కనుబొమలు ఉన్నాయో లేవో తెలియవు. మొదటి మనిషి మొహంలోనే నలుపూ తెలుపూ ఉన్నాయి కాబట్టి బట్టల్లో కూడా అంత తేడాను మోయగలదు: తెల్లచీరకు నల్ల అంచు, ముదురు నీలానికి ఎర్ర బ్లౌజు. రెండో మనిషికి అవే కడితే గదిలోకి ముందు చీర వస్తుంది, ఆ వెనక మనిషి వస్తుంది. అలాంటివాళ్ళకు మధ్యరకం ముదురు మేలు: పొగమంచు కలిసినట్టున్న నీలం, గచ్చకాయ రంగు, ఉల్లిపొర రంగు, పాచి రంగు. డిజైన్‌లో కూడా అంచులు పదునుగా కోసినట్టున్న పెద్ద పెద్ద బొమ్మల కంటే పోచంపల్లి ఇక్కత్‌లో ఉండే చెదిరిన అంచు నయం. దారానికి ముందే రంగు వేసి నేస్తారు కాబట్టి ఒక రంగు ఇంకో రంగులోకి నెమ్మదిగా దిగుతుంది. తెల్లని మొహంతో పోట్లాడదు. రాగి జుట్టు, చుక్కలున్నవాళ్ళ దారి వేరు. వాళ్ళకు ఆకుపచ్చ, నెమలికంఠం, తేనె, తుప్పు రంగులు దాదాపు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. రాగి జుట్టువాళ్ళు ఎరుపు, గులాబి ముట్టుకోకూడదని పడమటి దేశాల్లో పాత నియమం ఒకటుంది గానీ, ముదురు ఎరుపు విషయంలో అది ఉత్త భయమే.

1980లో అమెరికాలో కెరోల్ జాక్సన్ రాసిన పుస్తకంతో మనుషుల్ని నాలుగు ఋతువులుగా విడగొట్టి రంగులు చెప్పే పద్ధతి ఇంటింటికీ చేరింది. ఇప్పుడు అదే కొరియా నుంచి పర్సనల్ కలర్ పేరుతో రీల్స్‌లో తిరుగుతోంది. గడ్డం కింద ఒకదాని తర్వాత ఒకటి గుడ్డలు మార్చి చూపించే పద్ధతి మంచిదే. షెవ్రోల్ చెప్పింది చేసి చూడటమే అది. ఒకసారి 'సమ్మర్' అని ముద్ర వేయించుకుని, నచ్చిన మెరూన్ చీరను బీరువా అడుక్కి తోసేయడం మాత్రం అనవసరం.

తెలుపు మీద తెలుపు, బంగారం మీద బంగారం

తెల్లని ఒంటి మీద తెల్లబట్ట కష్టమని అందరూ అంటారు, కానీ ఏ తెలుపన్నది ఎవరూ అడగరు. షోరూమ్‌లో కొత్త తెల్లచొక్కా ఎండలోకి తీసుకెళ్తే లేత నీలంగా మెరుస్తుంది. దాన్లో కలిపే తెలుపు మందులు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పట్టుకుని నీలం వెలుగుగా వదులుతాయి. ఇంట్లో ఉతికి నీలం పెట్టడం కూడా చివరికి చేసేది తెలుపును నీలం వైపు జరపడమే. అలాంటి తెలుపు పక్కన తెల్లని మొహం కూడా పసుపెక్కి, మాసినట్టు కనిపిస్తుంది. దాని బదులు పాలమీగడ తెలుపు, బ్లీచ్ చేయని ఖాదీ తెలుపు అయితే మొహానిదే పైచేయి అవుతుంది. బిస్కెట్ రంగు, గంధం రంగు, చర్మానికి మరీ దగ్గరగా ఉండే లేత పీచ్ మాత్రం తప్పించుకోవలసినవే. బాగా తెల్లని మగవాడికి బిస్కెట్ కలర్ షర్ట్ వేస్తే దూరం నుంచి షర్ట్ వేసుకున్నాడో లేదో అన్న అనుమానం వస్తుంది. ఒకవేళ లేతరంగే కావాలంటే నేత గరుకుగా ఉన్నది, అంటే లినెన్, రా సిల్క్ లాంటివి తీసుకోవాలి. రంగు ఇవ్వలేని తేడాను నేత ఇస్తుంది.

జరీ సంగతి కొంచెం తికమక. పచ్చగా మెరిసే కొత్త జరీ వెడల్పాటి అంచుగా మెడ దాకా వస్తే, పసుపు అడుగున్న తెలుపుకు అది నిండుదనం ఇస్తుంది, గులాబి అడుగున్న తెలుపును మాత్రం కమిలినట్టు చూపిస్తుంది. అలాంటివాళ్ళకు వెండి జరీ గానీ, నలుపు తిరిగిన యాంటిక్ జరీ గానీ చూడాలి. నగల్లో కూడా అంతే. హైదరాబాద్ ముత్యాలు చామనఛాయ మెడ మీద వెలిగినట్టు బాగా తెల్లని మెడ మీద వెలగవు. అక్కడ కెంపు, పచ్చ రాళ్ళదే రాజ్యం. చీరతో ఒక సుఖం ఉంది: మొహానికి తగిలేది ఆరు గజాలూ కాదు, బ్లౌజ్ మెడ, భుజం మీది పైట అంచు, అంతే. నప్పని రంగు చీర మీద మనసు పడితే బ్లౌజు ముదురుగా కుట్టించి, అంచు మెడవైపు వచ్చేలా పైట సర్దితే చాలావరకు గట్టెక్కవచ్చు. చుడీదార్‌కు చున్నీ ఆ పని చేస్తుంది.

ఎండ లెక్క

ఎంత నప్పినా ఎండలో వేసుకునే బట్టకు ఇంకో పరీక్ష ఉంది. 1975లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ చర్మవైద్యుడు, వైద్యంలో వాడే అతినీలలోహిత కిరణాల మోతాదు తేల్చడం కోసం చర్మాన్ని రకాలుగా విడగొట్టాడు. మొదటి రకం ఎప్పుడూ కాలుతుంది, ఎప్పుడూ నల్లబడదు. మనం మాట్లాడుకుంటున్న మరీ తెల్లని చర్మం ఎక్కువగా ఆ రకమే. ఇలాంటివాళ్ళకు బట్టే మొదటి గొడుగు. పలచని తెల్ల కాటన్ టీషర్ట్‌కు యూపీఎఫ్ (అతినీలలోహిత కిరణాలను బట్ట ఎంత ఆపుతుందో చెప్పే అంకె) సుమారు 7 దాకానే ఉంటుంది, అంటే ఏడో వంతు కిరణాలు లోపలికి వచ్చేస్తాయి. తడిస్తే రక్షణ ఇంకా తగ్గుతుంది. యూపీఎఫ్ 50 బట్ట యాభైలో ఒక వంతునే రానిస్తుంది. ఎండలో తెల్లబట్టలే మంచివన్నది వేడికి సంబంధించిన మాట. కిరణాలను ఆపడంలో ముదురు రంగు, చిక్కటి నేతదే పైచేయి. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి మనుషులు కనిపిస్తున్నారంటే ఎండ కూడా లోపలికి వస్తుంది.

ఇది విదేశీయుల సమస్యే కాదు. మన ఊళ్ళల్లో ఆల్బినిజంతో పుట్టినవాళ్ళున్నారు. మెలనిన్ దాదాపు లేకుండా, తెల్లని జుట్టుతో, వెలుతురు తట్టుకోలేని కళ్ళతో, రాయలసీమ ఎండలో, తెలంగాణ ఎండలో పెరుగుతారు. వాళ్ళ గురించి రంగుల సలహాలు ఎక్కడా కనిపించవు. వాళ్ళకు ముందు కావలసింది నిండు చేతులు, ఎత్తు కాలర్, వెడల్పు అంచు టోపీ, చిక్కటి నేత. స్కూల్ యూనిఫాం పొట్టిచేతులదే ఉండాలని పట్టుబట్టే చోట ఆ పిల్లలకు మినహాయింపు అడగడం తల్లిదండ్రుల హక్కు. ఆ తర్వాత రంగుల మాట. జుట్టు, కనుబొమలు, చర్మం అన్నీ లేతే కాబట్టి ఇందాక చెప్పిన మధ్యరకం నీలాలు, ఆకుపచ్చలు బాగా కుదురుతాయి. నేవీ బ్లూ కాటన్ చొక్కా అటు ఎండకూ ఇటు అందానికీ పనికొస్తుంది.

మళ్ళీ పెళ్లికూతురి దగ్గరికి వద్దాం. చీరలన్నీ తేలినా మధుపర్కాల దగ్గర టెన్షన్ మిగిలే ఉంటుంది. తెల్లని నూలు చీర, ఎర్రటి అంచు, పైన పసుపు. సూత్రం ప్రకారం ఇది కుదరకూడదు. కానీ తాళి కట్టే వేళకు ఆ మొహం మీద ఇంకేమేం ఉంటాయో చూడండి. నుదుట ఎర్రటి బొట్టు, కళ్ళకు కాటుక, బుగ్గన నల్లచుక్క, నుదుటికి బాసికం, జడ నిండా పూలు. ఉన్నాయో లేవో అన్నట్టున్న కనురెప్పలకు కాటుక గీత దొరికింది, మొహంలో లేని ఎరుపు బొట్టులో దొరికింది. బట్ట ఇవ్వలేని తేడా అంతా అలంకారమే ఇచ్చేసింది. మిగిలిన జాగ్రత్త ఒక్కటే: మధుపర్కం నీలం పెట్టిన మిలమిల తెలుపు కాకుండా మీగడ తెలుపు ఎంచుకోవడం, ఎర్ర అంచు మెడ పక్కకి వచ్చేలా కట్టించడం.

ఇంత లెక్కా షాపులో ట్యూబ్‌లైట్ కింద, అద్దం చుట్టూ పెట్టిన పసుపు బల్బుల కింద తారుమారవుతుంది. పసుపు వెలుతురులో లేత పసుపుకూ తెలుపుకూ తేడా తెలియదు, ముదురు నీలం నల్లగా కనిపిస్తుంది. అందుకే పాతకాలపు ఆడవాళ్ళు చీరను ఒకసారి గుమ్మం దాకా పట్టుకెళ్ళి చూసేవారు. ఇప్పుడు కాబోయే అత్తగారు కూడా మూడు చీరలు పక్కన పెట్టించి, "ఒక్కసారి బయట వెలుతుర్లో చూస్తాం బాబూ" అని లేస్తారు. సేల్స్‌మన్ చీరలు మోసుకుంటూ వెనకాల నడుస్తాడు. గుమ్మం దగ్గర అమ్మాయి భుజం మీద మొదట బాటిల్ గ్రీన్ వేస్తారు.

"ఆ, ఇదీ."